ఇంటి షెడ్డులో సీఎన్‌సీ: చిన్న మిల్లింగ్ యంత్రాల మార్పిడి చరిత్ర

చేత్తో తిప్పే చిన్న మిల్లింగ్ యంత్రానికి మోటార్లు, వాటిని నడిపే డ్రైవర్లు, ఒక కంప్యూటర్ అమర్చి దాన్ని సీఎన్‌సీ యంత్రంగా, అంటే కంప్యూటర్ ఇచ్చే సంఖ్యలతో నడిచే యంత్రంగా, మార్చుకోవడాన్ని ఔత్సాహికులు కన్వర్షన్ అంటారు. మిల్లింగ్ యంత్రంలో కటర్ ఉన్నచోటనే గిర్రున తిరుగుతుంది. జాబ్, అంటే కోయవలసిన ముక్క, బిగించిన బల్ల కుడి ఎడమలకూ, ముందు వెనకలకూ జరుగుతుంది. కటర్‌ను పట్టుకున్న తల పైకీ కిందికీ కదులుతుంది. ఒక్కో కదలికకు ఒక్కో చేతిచక్రం, దాని వెనక ఒక మర. ఒక చక్రం తిప్పితే తిన్నని గాడి పడుతుంది. గుండ్రని అంచు కావాలంటే మాత్రం రెండు చక్రాలనూ ఒకేసారి, క్షణక్షణానికీ మారే వేగాలతో తిప్పాలి. ఎంత చేయి తిరిగిన పనివాడికైనా అది సాధ్యం కాదు. కంప్యూటర్ అవసరం అక్కడ పుట్టింది.

ఈ పని 1990లలో అమెరికా, కెనడా, బ్రిటన్‌లలోని ఇంటి వర్క్‌షాపుల్లో ఊపందుకుంది. అప్పటి నుంచి కంప్యూటర్, మోటారు, సాఫ్ట్‌వేర్ మూడూ చౌకవుతూ వచ్చాయి. యంత్రంలోని ఇనుము, ఆ ఇనుములో తిరిగే మర మాత్రం అంత తేలిగ్గా లొంగలేదు. ఈ చరిత్రలో ఎక్కువ మంది చెమటోడ్చింది ఎలక్ట్రానిక్స్ దగ్గర కాదు, మర దగ్గర.

ఫ్యాక్టరీ మూలాలు

సంఖ్యలతో యంత్రాన్ని నడపాలన్న ఆలోచనకు మిషిగన్ రాష్ట్రం ట్రావర్స్ సిటీకి చెందిన జాన్ పార్సన్స్ ఆద్యుడు. హెలికాప్టర్ రెక్కలు తయారు చేసే ఆయన సంస్థకు రెక్క ఆకారాన్ని సరిచూసే అచ్చులు కావలసి వచ్చాయి. ఆయనా, ఇంజినీరు ఫ్రాంక్ స్టూలెన్ కలిసి ఐబీఎం కార్డు యంత్రాలతో వంపు మీది బిందువులను దగ్గర దగ్గరగా లెక్క కట్టించారు. ఆ అంకెలను చదువుతూ పనివాళ్లు చక్రాలు తిప్పి కోసేవారు. చక్రాలను కూడా అంకెలే తిప్పితే ఎలా ఉంటుందన్నది తర్వాతి ప్రశ్న. 1949లో అమెరికా వైమానిక దళం ఈ పనికి కాంట్రాక్టు ఇచ్చింది. ఎంఐటీలోని సర్వోమెకానిజమ్స్ ప్రయోగశాల దాన్ని చేపట్టి, 1952లో ఒక సిన్సినాటి హైడ్రోటెల్ మిల్లింగ్ యంత్రాన్ని చిల్లుల టేపుతో మూడు దిశల్లో నడిపి చూపించింది. గమనించవలసిన సంగతి ఒకటుంది. సంఖ్యలతో నడిచిన ఆ తొలి యంత్రం కొత్తగా కట్టింది కాదు, ఉన్న యంత్రానికి చేసిన మార్పిడే. నలభై ఏళ్ల తర్వాత ఇంటి షెడ్డుల్లో జరిగింది కూడా అదే పని. తేడా అల్లా వందలకొద్దీ వాక్యూమ్ ట్యూబులకూ, వైమానిక దళం డబ్బుకూ బదులు పాత పీసీ, సొంత జీతం.

1959లో ఎంఐటీకే చెందిన డగ్లస్ రాస్ బృందం ఏపీటీ అనే భాషను విలేఖరులకు పరిచయం చేసింది. ఆ భాషతో చెక్కిన అల్యూమినియం యాష్‌ట్రేలను జ్ఞాపికలుగా ఇచ్చారు. 1960లలో యంత్రానికి ఇచ్చే ఆదేశాల రూపం ఆర్‌ఎస్-274 ప్రమాణంగా స్థిరపడింది. ఈనాటికీ అందరూ జీ-కోడ్ అనేది దాన్నే. జీ0 అంటే కోత లేకుండా వేగంగా జరగడం, జీ1 అంటే తిన్నగా కోస్తూ పోవడం, జీ2, జీ3 అంటే వంపు తిరుగుతూ కోయడం. అరవై ఏళ్ల కిందటి ఈ అక్షరాలే ఇవాళ అరచేతిలో పట్టే బోర్డులూ చదువుతున్నాయి.

ఇంటికి సరిపోయే యంత్రం

ఇంట్లో లోహపు పని చేసుకునే సంప్రదాయం పాతది. బ్రిటన్‌లో 'మోడల్ ఇంజినీర్' పత్రిక 1898లోనే మొదలైంది. కానీ ఆ ఔత్సాహికుల దగ్గర ఉండేది ఎక్కువగా లేతు. అమెరికాలో 1938 నుంచి పేరు పొందిన బ్రిడ్జ్‌పోర్ట్ మిల్లింగ్ యంత్రం మంచిదే అయినా, టన్నుకు దగ్గరగా తూగే దాన్ని అందరూ ఇంట్లో పెట్టుకోలేరు. ఆస్ట్రేలియాలో పుట్టి 1970లలో కాలిఫోర్నియాకు చేరిన షెర్లైన్ యంత్రాలు ఆ లోటు కొంత తీర్చాయి. ఒక మనిషి ఎత్తి బల్ల మీద పెట్టుకోగల ఆ మిల్లును గడియారాల పనివాళ్లు, రైలు నమూనాలు చేసేవాళ్లు ఇష్టపడ్డారు. తర్వాత ఆ కంపెనీయే మోటార్లు బిగించడానికి వీలైన మోడళ్లనూ అమ్మింది.

మార్పిడిని వేల మందికి చేర్చింది మాత్రం షాంఘైకి చెందిన సీగ్ కంపెనీ. దాని ఎక్స్1, ఎక్స్2, ఎక్స్3 యంత్రాలు పశ్చిమ దేశాల్లో రకరకాల దుకాణాల పేర్లతో, రకరకాల రంగులతో అమ్ముడయ్యాయి. పేరు ఏదైనా లోపలి ఇనుము ఒకటే కాబట్టి, ఒకరు గీసిన మోటారు బ్రాకెట్ నమూనా మరో ఊళ్లో ఇంకొకరికి అచ్చంగా సరిపోయేది. ఒకే యంత్రం అందరి దగ్గరా ఉండటం వల్లే అనుభవం ఒక చోట కూడింది. అందులో ఎక్స్2 మరీ ప్రసిద్ధం. దాని తల పైకీ కిందికీ కదిలేది మరతో కాదు, పళ్ల కడ్డీ, చిన్న పళ్ల చక్రంతో. చేత్తో వాడేవారికి అది సుఖమే. కంప్యూటర్‌కు అప్పగించాలంటే ఆ కడ్డీని తీసేసి అక్కడ మర పెట్టవలసిందే.

మోటార్లు

ఫ్యాక్టరీ యంత్రాల్లో సర్వో మోటార్లు ఉంటాయి. ఎంత తిరిగిందో చెప్పే ఎన్‌కోడర్ వాటికి జతగా ఉంటుంది. ఇంటివాళ్లు స్టెప్పర్ మోటారును ఎంచుకున్నారు. ఒక విద్యుత్ పల్సు అందితే అది ఒక అడుగు తిరుగుతుంది. సాధారణ రకం ఒక చుట్టుకు 200 అడుగులు వేస్తుంది. తిరిగి సమాచారం ఇచ్చే ఏర్పాటు అక్కర్లేదు కాబట్టి చౌక. పాత ప్రింటర్లు, ఫోటోకాపీ యంత్రాలు విప్పితే ఉచితంగానూ దొరికేది. లోపం కూడా అక్కడే ఉంది. కోత బరువెక్కి మోటారు అడుగు తప్పితే ఆ సంగతి కంప్యూటర్‌కు తెలియదు. అది తన లెక్క ప్రకారం పోతూనే ఉంటుంది, జాబ్ పాడవుతుంది.

స్టెప్పర్ వేగం పెరిగేకొద్దీ దాని బలం తగ్గుతుంది. తీగచుట్టలో విద్యుత్తు నిండడానికి సమయం చాలకపోవడమే కారణం. అందుకు మందు ఎక్కువ వోల్టేజీ ఇచ్చి, కరెంటును మాత్రం హద్దులో ఉంచే డ్రైవర్. మొదట్లో ఔత్సాహికులు ఎల్297, ఎల్298 చిప్పులతో ఇంట్లోనే బోర్డులు అతుక్కున్నారు. తర్వాత కాలిఫోర్నియాలో మారిస్ ఫ్రైమానిస్ నెలకొల్పిన గెకోడ్రైవ్ సంస్థ డ్రైవర్లు ఇంటివాళ్లకు ప్రామాణికమయ్యాయి. అవి ఒక్కో అడుగును పది భాగాలుగా విడగొట్టేవి. దాంతో చుట్టుకు 2,000 చిన్న అడుగులు, తక్కువ అదురు. 2005లో బాత్ విశ్వవిద్యాలయంలో ఏడ్రియన్ బోయర్ మొదలుపెట్టిన రెప్‌రాప్ 3డీ ప్రింటర్ ఉద్యమం ఇలాంటి మోటార్లకూ డ్రైవర్లకూ ప్రపంచమంతటా గిరాకీ తెచ్చింది. ఆ తర్వాత వాటి ధర ఎవరినీ ఆపలేదు.

సాఫ్ట్‌వేర్: ఒక ప్రభుత్వ కోడ్ చేసిన ప్రయాణం

1990లలో మామూలు పీసీకి వెనక ప్రింటర్ కోసం 25 పిన్నుల పారలల్ పోర్ట్ ఉండేది. పన్నెండు తీగలు బయటికి, ఐదు లోపలికి. మూడు మోటార్లకు పల్సు, దిశ ఇవ్వడానికి ఆరు తీగలు చాలు. మిగిలినవి కటర్‌ను తిప్పే స్పిండిల్‌కూ, ఆపే స్విచ్చులకూ. ఇంతకంటే చౌకైన నియంత్రణ పెట్టె ఉండదు. అయితే పల్సులు సమంగా పడాలి. రెండు పల్సుల మధ్య కంప్యూటర్ వేరే పని చూసుకుంటే మోటారు తడబడుతుంది. అందుకే తొలి ప్రోగ్రాములు డాస్ మీద నడిచేవి. ఒక సమయంలో ఒకే పని చేసే డాస్ గుణం ఇక్కడ వరమైంది. టర్బోసీఎన్‌సీ ఆ కాలపు ప్రోగ్రామే.

దారి మార్చింది అమెరికా ప్రభుత్వ ప్రమాణాల సంస్థ నిస్ట్. కంట్రోలర్ కంపెనీలు ఒక్కొక్కటీ తన పద్ధతిని గుట్టుగా ఉంచుకుంటున్న రోజుల్లో, అందరికీ తెరిచి ఉండే కంట్రోలర్ సాధ్యమా అని చూడటానికి నిస్ట్ 1990లలో ఎన్‌హాన్స్‌డ్ మెషిన్ కంట్రోలర్, క్లుప్తంగా ఈఎంసీ, అనే సాఫ్ట్‌వేర్ రాసింది. జనరల్ మోటార్స్ పవర్‌ట్రెయిన్ విభాగంలో దాన్ని పరీక్షించారు. అమెరికాలో ప్రభుత్వ ఉద్యోగులు విధుల్లో భాగంగా రాసిన దానికి కాపీరైట్ ఉండదు. కాబట్టి ఈ కోడ్ ఎవరైనా తీసుకోగల ఉమ్మడి ఆస్తి అయింది. లినక్స్‌ను క్షణం తప్పకుండా పనిచేసేలా మలిచే రియల్ టైమ్ పద్ధతి కూడా అప్పుడే అందుబాటులోకి రావడంతో, ఫ్యాక్టరీ స్థాయి కంట్రోలర్ పాత పీసీ మీద నడవసాగింది. 2000ల తొలి సంవత్సరాల్లో స్వచ్ఛంద ప్రోగ్రామర్లు దాన్ని తిరగరాసి ఈఎంసీ2 చేశారు. అదే పేరున్న నిల్వ పరికరాల కంపెనీ ఈఎంసీ అభ్యంతరం చెప్పడంతో 2011లో లినక్స్‌సీఎన్‌సీగా పేరు మార్చుకున్నారు.

నిస్ట్ రాసిన ఆ కోడ్‌నే కెనడాకు చెందిన ఆర్ట్ ఫెనర్టీ విండోస్ వైపు మళ్లించాడు. అలా మొదలైన మాక్ వరుసలో మాక్3 అత్యంత ప్రజాదరణ పొందింది. విండోస్ ఎక్స్‌పీ ఉన్న పాత పీసీ, మాక్3, గెకో డ్రైవర్లు, సీగ్ మిల్లు: 2000లలో ఇంటి మార్పిడి అంటే దాదాపు ఇదే. మూడో తరం 2009లో నార్వేలో మొదలైంది. సిమెన్ స్వాలె స్కోగ్స్‌రుడ్ రాసిన గ్రబుల్, ఆర్డుయినో బోర్డు మీద జీ-కోడ్ చదివి నేరుగా మోటార్లు నడిపింది. తర్వాత సొంగున్ జియోన్ దాన్ని ఎంతో మెరుగుపరిచాడు. పారలల్ పోర్ట్ కొత్త పీసీల నుంచి మాయమవుతున్న వేళ, యూఎస్‌బీ తీగతో పనిచేసే గ్రబుల్ సరిగ్గా సమయానికి వచ్చింది. అదీ జీ-కోడ్ విషయంలో నిస్ట్ ప్రమాణాన్నే అనుసరించింది. ప్రజాధనంతో రాసిన ఒక కోడ్ బయటికి రావడం వల్ల మూడు తరాల ఔత్సాహికులు లాభపడ్డారు. ఇంటి సీఎన్‌సీకి ఇంతకు మించిన ఉపకారం ఏ కంపెనీ చేయలేదు.

మర దగ్గరి తగువు

చేతి యంత్రంలోని మరకు, అంటే లీడ్ స్క్రూకు, దాని నట్టుకు మధ్య కాస్త సందు ఉంటుంది. చక్రాన్ని ఒక వైపు తిప్పి, మళ్లీ వెనక్కు తిప్పితే ఆ సందు తీరేదాకా బల్ల కదలదు. వర్క్‌షాపుల్లో దీన్ని ప్లే అంటారు, పుస్తకాల్లో బ్యాక్‌లాష్. అది మిల్లీమీటరులో పదో వంతో, దానికి రెట్టింపో ఉన్నా, అనుభవమున్న చేయి ఎప్పుడూ ఒకే వైపు నుంచి వచ్చి దాన్ని దాటవేస్తుంది. కంప్యూటర్ వలయం గీసేటప్పుడు అలా కుదరదు. ఒక చుట్టులో ప్రతి దిశా రెండేసి సార్లు తిరగబడుతుంది. తిరగబడిన ప్రతిచోటా వలయం మీద చిన్న మెట్టు పడుతుంది.

ప్లే ఎంతో కొలిచి సాఫ్ట్‌వేర్‌లో రాస్తే, దిశ మారినప్పుడు అది అంత మేర అదనంగా తిప్పుతుంది. చాలామంది మొదట ఇదే చేశారు. ఇది సగం మందు మాత్రమే. సాఫ్ట్‌వేర్ మరను తిప్పగలదు గాని, సందులో ఉన్న బల్లను పట్టి ఉంచలేదు. కటర్ పళ్లు జాబ్‌ను తమ వైపు లాగే పద్ధతిలో, అంటే క్లైంబ్ మిల్లింగ్‌లో, బల్ల ఆ సందు మేర ఒక్కసారిగా ముందుకు దూకుతుంది, కటర్ విరుగుతుంది.

అసలు పరిష్కారం బాల్ స్క్రూ. ఇందులో మరకూ నట్టుకూ మధ్య ఉక్కు గోళీలు దొర్లుతాయి. రాపిడి తక్కువ, గోళీలను బిగువుగా నింపితే ప్లే దాదాపు ఉండదు. 2000ల చివరికి చైనా తయారీ 1605 రకం, అంటే 16 మిల్లీమీటర్ల వ్యాసం, చుట్టుకు 5 మిల్లీమీటర్ల నడక ఉన్న బాల్ స్క్రూ, ఇంటివాళ్లకు అందింది. చుట్టుకు 2,000 చిన్న అడుగులైతే మిల్లీమీటరుకు 400 పల్సులు. మాక్3 సాధారణంగా సెకనుకు 25,000 పల్సులు ఇస్తుంది కాబట్టి లెక్క ప్రకారం నిమిషానికి 3,750 మిల్లీమీటర్ల వేగం. చిన్న మిల్లుకు అది కావలసిన దానికంటే ఎక్కువే.

కానీ బాల్ స్క్రూ నట్టు లావుగా ఉంటుంది. దానికి చోటు కోసం బల్ల కింది పోత ఇనుమును చెక్కాలి. ఆ చెక్కడానికి ఇంకో మిల్లు కావాలి, లేదా విప్పకముందే అదే మిల్లు మీద విడిభాగాలన్నీ చేసి ఉంచుకోవాలి. మరో చిక్కు తల దగ్గర వస్తుంది. పాత మర రాపిడితో తన బరువును తానే పట్టుకుంటుంది. బాల్ స్క్రూ పట్టదు. కరెంటు పోతే బరువైన తల జారి కటర్‌తో సహా జాబ్ మీదికి దిగవచ్చు. అందుకే తూకపు బరువో, గ్యాస్ స్ప్రింగో, బ్రేకున్న మోటారో పెడతారు. బల్ల జారే దారుల్లోని జిబ్ పట్టీలు వదులుగా ఉంటే ఎంత మంచి మర అయినా వృథాయే.

ఇప్పటి స్థితి

2005లో విస్కాన్సిన్‌కు చెందిన టోర్మాక్ కంపెనీ పీసీఎన్‌సీ 1100 పేరుతో, ఔత్సాహికులూ చిన్న వర్క్‌షాపులూ కొనగల తయారు సీఎన్‌సీ మిల్లును తెచ్చింది. మార్పిడి చేయడం కంటే కొనడం నయమా అన్న చర్చ అప్పటి నుంచీ ఉంది. ఆ కంపెనీ తర్వాత తెచ్చిన పాత్‌పైలట్ కంట్రోలర్‌కు కూడా లినక్స్‌సీఎన్‌సీయే పునాది. బొమ్మ గీసి జీ-కోడ్ తీసే సాఫ్ట్‌వేర్ విషయంలో ఆటోడెస్క్ ఫ్యూజన్ 360 ఔత్సాహికులకు ఉచితంగా దొరికి పెద్ద మేలు చేసింది. 2020లో ఆ ఉచిత రకంలో వేగపు కదలికలపై ఆంక్షలు పెట్టడంతో కొందరు ఫ్రీక్యాడ్ వైపు వెళ్లారు.

మన దేశంలో ఇంటి షెడ్డు సంప్రదాయం పలుచన. ఇక్కడ ఇలాంటి పని ఉమ్మడి వర్క్‌షాపుల్లో ఎక్కువగా సాగుతోంది. ఎంఐటీ ఆలోచనతో వచ్చిన ఫ్యాబ్ ల్యాబ్ మహారాష్ట్రలోని పాబల్ విజ్ఞాన్ ఆశ్రమంలో 2002లోనే మొదలైంది. హైదరాబాద్‌లో తెలంగాణ ప్రభుత్వం నెలకొల్పిన టీ-వర్క్స్ 2023 మార్చిలో ప్రారంభమైంది. బాలానగర్, జీడిమెట్ల వర్క్‌షాపుల్లో సీఎన్‌సీ యంత్రాలు నడిపే పనివారికి జీ-కోడ్ రోజువారీ భాషే. పాత చేతి మిల్లును మార్చుకోవడానికి కావలసిన విద్యలో సగం వారి దగ్గర ఇప్పటికే ఉంది.

ఈ పనికి పూనుకునేవారు మోటార్లు కొనడానికి ముందు డయల్ ఇండికేటర్ పెట్టి యంత్రపు మూడు దిశల్లోనూ ప్లే కొలవండి, జిబ్ పట్టీలు బిగించి మళ్లీ కొలవండి. అత్యవసరంగా ఆపే ఎర్ర బటన్‌ను సాఫ్ట్‌వేర్‌కు కాదు, నేరుగా మోటార్లకు కరెంటు ఇచ్చే తీగకు కలపండి. లోహపు రజను డ్రైవర్ల పెట్టెలోకి పోకుండా మూత వేయండి. లినక్స్‌సీఎన్‌సీ ఈనాటికీ ఉచితంగానే దొరుకుతుంది.