జూడెక్స్: ఇంటిగుట్టు, పగ, ప్రేమ ముడిపడిన మూకీ సీరియల్

1917 జనవరిలో పారిస్ సినిమా హాళ్లకు వచ్చిన 'జూడెక్స్' మూకీల కాలపు నేరకథల్లో పేరు మోసినది. గోమోన్ కంపెనీ కోసం లూయీ ఫెయాద్ తీసిన ఈ సీరియల్‌లో ఒక నాంది, పన్నెండు భాగాలు ఉన్నాయి. అన్నీ కలిపితే దాదాపు ఐదు గంటలు. హాళ్లలో వారం వారం ఆడుతుండగానే, అదే కథ ఆర్థర్ బెర్నేద్ కలం నుంచి 'లె పెతి పారిజియెన్' దినపత్రికలో ధారావాహికగా వచ్చేది. రోజుకు పది లక్షలకు పైగా ప్రతులు అమ్ముడుపోయే పత్రిక అది. దాన్ని మించిన ప్రచారం గోమోన్‌కు ఎక్కడా దొరికేది కాదు.

ఈ కిటుకు ముందుగా పట్టుకున్నది గోమోన్‌కు పోటీగా ఉన్న పాతే కంపెనీ. 1915 చివర్లో అది పెర్ల్ వైట్ నటించిన అమెరికన్ సీరియల్‌ను 'న్యూయార్క్ రహస్యాలు' అనే పేరుతో, 'లె మతాన్' పత్రికతో జోడు కట్టి విడుదల చేసి బాగా సొమ్ము చేసుకుంది. గోమోన్ దీటైన జవాబు చెప్పక తప్పలేదు. ఫెయాద్‌కు ఇంకో చిక్కు కూడా ఉంది. అంతకు ముందు ఆయన తీసిన 'ఫాంటోమాస్', 'వాంపైర్స్' సీరియళ్లలో జనం మెచ్చింది దొంగలనే. దేశం యుద్ధంలో ఉన్నప్పుడు పోలీసులను ఆటపట్టించే ముఠాకు ప్రేక్షకులు చప్పట్లు కొట్టడం పైవాళ్లకు రుచించలేదు. 'వాంపైర్స్' ప్రదర్శనను పారిస్ పోలీసులు కొంతకాలం ఆపించారు కూడా. దాంతో కొత్త కథలో ముసుగు మనిషి మంచివాడు కావలసి వచ్చింది. మారువేషాలు, రహస్య స్థావరం, నల్ల అంగీ, వెడల్పు అంచు టోపీ అన్నీ దొంగ దగ్గర లాక్కుని న్యాయం వైపు నిలబడ్డవాడికి తొడిగారు. లాటిన్‌లో న్యాయమూర్తి అని అర్థం వచ్చే పేరు పెట్టారు.

అధికారుల భయంతో చేసిన ఈ మార్పు కథకు మేలే చేసింది. నేరం వీధి వదిలి ఇంట్లోకి వచ్చింది. ఫావ్రో అనే బ్యాంకరు ఎందరినో ముంచి కోట్లు గడించాడు. ఆస్తిలో సగం పేదలకు ఇవ్వకపోతే ఫలానా గడియకు చస్తావని జూడెక్స్ సంతకంతో అతనికి ఉత్తరాలు వస్తాయి. విధవరాలైన కూతురు జాక్లిన్‌కు మళ్లీ పెళ్లి నిశ్చయమైందని చెప్పే విందులో, అతిథులందరి కళ్ల ముందే, ఆ గడియకే ఫావ్రో కుప్పకూలతాడు. ఉత్తరాలు చదివిన జాక్లిన్‌కు తండ్రి సంపాదన ఎలాంటిదో అర్థమవుతుంది. ఆస్తంతా వదులుకుని, పేరు మార్చుకుని, పియానో పాఠాలు చెప్పుకుంటూ బతకడం మొదలుపెడుతుంది. ఆమె చేసిన ఈ పనికి జూడెక్స్ మనసు కరుగుతుంది. నిజానికి ఫావ్రో చావలేదు. మత్తు దిగేసరికి అతను శిథిలమైన కోట కింద చెరసాలలో ఉంటాడు.

జూడెక్స్ పగ వెనక ఒక తల్లి ఉంది. ఫావ్రో చేతిలో దివాలా తీసి త్రెమ్యూజ్ ప్రభువు ఆత్మహత్య చేసుకుంటే, ఆయన భార్య పసివాళ్లైన ఇద్దరు కొడుకుల చేత ప్రతీకారం తీర్చుకుంటామని ఒట్టు వేయించింది. పెద్దవాడే జూడెక్స్. వాల్యేర్ అనే ముసలి కార్యదర్శి వేషంలో శత్రువు ఇంట్లోనే కొలువు చేస్తూ అదను కోసం కాచుకున్నాడు. తీరా చూస్తే మనసు పడ్డది ఆ శత్రువు కూతురి మీద. తండ్రికి ఉచ్చు బిగించినవాడే కూతురికి ఆపదలో కబురు చేయమని పావురాలు పంపుతాడు. ఒట్టు తప్పుతున్నానని తల్లితో ఎలా చెప్పాలన్నదే అతని అసలు పరీక్ష. పోరాటాల కన్నా ఆ ఘట్టాలే చిత్రంలో ఎక్కువ పట్టుగా ఉంటాయి. చివరకు తల్లి మనసు మెత్తబడి ప్రేమికులు ఒకటవుతారు.

ఇంకో ఇంటిగుట్టు ముసలి కెర్జాన్‌ది. ఫావ్రో వల్ల బతుకు చెడిన అతనికి, తప్పిపోయిన కొడుకు మొరాలెస్ దొంగల మధ్య ఎదురుపడతాడు. ఆ కొడుకును ఆడించేది డయానా మోంటీ. జాక్లిన్ ఇంట్లో పిల్లవాణ్ణి చూసుకునే పంతులమ్మగా చేరి, ఫావ్రోను పెళ్లాడి ఆస్తి కాజేయాలనుకున్న మనిషి ఆమె. 'వాంపైర్స్'తో ప్రసిద్ధికెక్కిన ముసిడోరా ఈ పాత్ర వేసింది. జూడెక్స్‌గా రెనె క్రెస్తే నిండుగా, గంభీరంగా ఉన్నా కాస్త బిగుసుకుపోయినట్టు కనిపిస్తాడు. ముసిడోరా తెర మీదికి రాగానే చూపు ఆమె వైపే పోతుంది. మంచివాడికి పట్టం కట్టాలని తీసిన కథలో కూడా దుర్మార్గురాలిదే పైచేయి అయింది.

జనం విరగబడి చూడటంతో 1918లో 'జూడెక్స్ కొత్త పని' అనే రెండో సీరియల్ వచ్చింది; మొదటిదానితో అది సరితూగదు. లూయీ దెల్లుక్ లాంటి విమర్శకులు ఈ సీరియళ్లను చవకబారు సరుకని ఈసడించారు. అధివాస్తవిక కవులు మాత్రం ఫెయాద్ నేరకథలనూ ముసిడోరానూ నెత్తిన పెట్టుకున్నారు. క్రెస్తే 1922లో, ఫెయాద్ 1925లో చనిపోయారు. 1963లో జార్జ్ ఫ్రాంజూ ఈ కథను మళ్లీ తీశాడు. ఆ చిత్రానికి స్క్రీన్‌ప్లే రాసినవారిలో ఫెయాద్ మనవడు జాక్ షాంప్రో ఒకడు. పాత సీరియల్ ఇప్పటికీ దొరుకుతోంది. చూడదలచినవారు ఐదు గంటలూ ఏకబిగిన కూర్చోకుండా, రోజుకో భాగం చొప్పున చూడటం మేలు.