పాలను విరగ్గొట్టడం మనకు ఎవరు నేర్పారు?

విద్యార్థులారా! ఇంగ్లీషు–తెలుగు నిఘంటువు తెరిచి 'చీజ్' అన్న మాటకు అర్థం చూడండి. చాలావాటిలో 'జున్ను' అని కనిపిస్తుంది. తెలుగు బైబిలులో దావీదు తన అన్నలున్న దండుకు తీసుకువెళ్లినవీ జున్నుగడ్డలే. కానీ మన ఇళ్లలో జున్ను అంటే ఏమిటో మీకు తెలుసు. గేదె గానీ ఆవు గానీ ఈనిన తొలి రోజుల్లో ఇచ్చే ముర్రుపాలలో బెల్లం, మిరియాలు, యాలకుల పొడి కలిపి ఆవిరి మీద ఉడికిస్తే గట్టిపడేది జున్ను. అందులో నిమ్మరసం పిండరు, తోడు వేయరు. ముర్రుపాలలో మాంసకృత్తులు మామూలు పాలలో కన్నా చాలా ఎక్కువ కనుక, గుడ్డు ఉడికి గట్టిపడినట్టు, కేవలం వేడికే అవి గడ్డకడతాయి. ఆ జున్ను రెండు రోజులు నిలిస్తే గొప్ప. చీజ్ అయితే ప్రధానంగా పాలను నెలల తరబడి నిలవ చేసుకోవడానికి వచ్చిన ఉపాయం. అనువాదకులు దగ్గర పోలిక ఉన్న మాటను వాడుకున్నారంతే. నిజానికి చీజ్‌కు తెలుగులో సొంత మాట లేదు.

మాట లేకపోతే వస్తువు కూడా తెలియదనేనా? పాలను కావాలని విరగ్గొట్టే పద్ధతి భారతీయులకు పోర్చుగీసువారు నేర్పారని మీరు పత్రికల్లో చదివే ఉంటారు. ఈ ప్రసంగంలో ఆ మాటనే పరీక్షకు పెడదాం. అందుకు పనికివచ్చే సాక్ష్యాలు గ్రంథాలలోనూ ఉన్నాయి, భోజనం కంచంలోనూ ఉన్నాయి. ఒక చీజ్‌ను దేనితో కలిపి తింటారో గమనిస్తే, అది ఎలా తయారైందో సగం తెలిసిపోతుంది.

ముందు కాస్త విజ్ఞానశాస్త్రం. పాలను ముద్దగా మార్చడానికి ప్రధానంగా రెండు దారులున్నాయి. వేడి పాలలో నిమ్మరసమో, పుల్లటి తేటో పోసి విరగ్గొట్టడం ఒకటి. ఇలా వచ్చిన ముద్ద ఛెనా. దాన్ని గుడ్డలో కట్టి బరువు కింద పెడితే పనీర్. రెండో దారి రెన్నెట్. పాలు తాగే లేగదూడ కడుపులో పాలను గట్టిపరిచే ఎంజైము ఒకటి ఉంటుంది. యూరప్‌లో దూడలను మాంసం కోసం వధించేవారు కనుక ఆ పదార్థం వారికి సులువుగా దొరికింది. ఈ రెంటికీ ఉన్న తేడా పెనం మీద తెలుస్తుంది. రెన్నెట్ చీజ్ వేడికి కరిగి సాగుతుంది, కనుక దానికి రొట్టె తోడు. పనీర్ ఎంత వేడిచేసినా కరగదు, కనుక పాలకూర పులుసులో వేసినా, మసాలాలో మరిగించినా ముక్క ముక్కగానే ఉంటుంది. పాలక్ పనీర్ పంజాబీ వంటవారి నేర్పు ఎంతో, పులుపు చేసిన పని కూడా అంతే!

ఇక అసలు వివాదానికి వద్దాం. పోర్చుగీసు వాదానికి విస్తృత ప్రచారం తెచ్చినవారు ఆహార చరిత్రకారుడు కె.టి. అచ్చయ. 1994లో వెలువడిన తన గ్రంథంలో ఆయన చూపిన తర్కం ఇది: ప్రాచీన ఆర్యులకు పాలను విరగ్గొట్టడం నిషిద్ధం, కృష్ణుని కథల నిండా పాలు, పెరుగు, వెన్న, నెయ్యి ఉన్నాయి గానీ ఛెనా ప్రస్తావన లేదు, 17వ శతాబ్దిలో బెంగాలులో స్థిరపడిన పోర్చుగీసువారికి విరిగిన పాల ముద్ద ఇష్టం కనుక అక్కడి మిఠాయివారు నిషేధం వదిలిపెట్టారు. 17వ శతాబ్దిలో మన దేశంలో ఉన్న ఫ్రెంచి యాత్రికుడు బెర్నియర్ కూడా, బెంగాలులో పోర్చుగీసువారు ఉండే చోట్ల మిఠాయిలు ప్రత్యేకంగా బాగుంటాయని రాశాడు. అయితే ఒక్క సంగతి గమనించండి. ఆయన మిఠాయిలను మెచ్చుకున్నాడు, ఆ మెప్పులో ఛెనా పేరు లేదు. ఇలాంటి ఖాళీని ఊహతో నింపేటప్పుడు చరిత్ర విద్యార్థి చేయి కాస్త వణకాలి.

ఇప్పుడు ఎదుటి పక్షం సాక్ష్యం. తైత్తిరీయ సంహితలో పాలను పేరబెట్టడానికి పూతిక అనే తీగ, మోదుగ బెరడు, రేగు వంటి వాటి ప్రస్తావన ఉంది. అది పెరుగా, చీజా అన్నది తేలని విషయం. దాన్ని పక్కన పెడదాం. కానీ 'మానసోల్లాసం' సంగతి అలా కాదు. కల్యాణి చాళుక్య రాజు మూడో సోమేశ్వరుడు (పాలన 1126–1138) రచించిన ఈ సంస్కృత గ్రంథంలో వంటలకు ఒక అధ్యాయమే ఉంది. కాచిన పాలలో పులుపు వేసి విరగ్గొట్టి, గుడ్డతో వడకట్టి, ఆ ముద్దలో బియ్యప్పిండి కలిపి, ఉండలు చేసి నేతిలో వేయించి, పంచదార పట్టించే పద్ధతి అందులో స్పష్టంగా వివరించారు. కల్యాణి అంటే నేటి కర్ణాటకలోని బసవకల్యాణ్. తెలంగాణలోని కొలనుపాక ఆ రాజ్యంలో ముఖ్యమైన కేంద్రం. అంటే హుగ్లీ ఒడ్డున పోర్చుగీసువారు అడుగుపెట్టడానికి నాలుగు శతాబ్దాలకు పైగా ముందే, దక్కను రాజుగారి వంటశాలలో పాలు విరగ్గొట్టి మిఠాయి చేస్తున్నారు. నిషేధం ఎక్కడో ఉంటే ఉండవచ్చు; అది దేశమంతటికీ, అన్ని కాలాలకూ వర్తించలేదు. పోర్చుగీసు వాదం ఈ ఒక్క వంటకం ముందు నిలబడదని నా అభిప్రాయం.

మరి పోర్చుగీసువారు ఏమీ ఇవ్వలేదా? ఇచ్చారనే అనుకోవాలి. కోల్‌కతా న్యూ మార్కెట్‌లో బాండెల్ చీజ్ అమ్ముతారు. అరచేతిలో ఇమిడే చిన్న గుండ్రటి బిళ్లలు. తెల్లవి కొన్ని, పొగ పట్టినవి కొన్ని. పోర్చుగీసు స్థావరమైన బాండెల్ పేరే దానికి వచ్చింది. రేవును సూచించే 'బందర్' అన్న మాటనే పోర్చుగీసువారు అలా పలికారంటారు. మన మచిలీపట్నానికి బందరు అన్న పేరు కూడా ఆ మాటే కదా! ఈ చీజ్ విపరీతమైన ఉప్పన. రాత్రంతా నీళ్లలో నానబెట్టి, ఉదయం చిదిపి రొట్టె మీదనో, ఆమ్లెట్‌లోనో వేసుకుంటారు. విచిత్రం ఏమిటంటే, యూరప్ వారసత్వంగా చెప్పుకునే ఈ చీజ్‌కు పాలను విరిచేది రెన్నెట్ కాదు, నిమ్మరసం! విరగ్గొట్టడం ఇక్కడిదే. తేమ నిండిన బెంగాలు వాతావరణంలో దాన్ని నిలబెట్టే ఉప్పు, పొగల పద్ధతి బయటి నుంచి వచ్చి చేరింది.

పశ్చిమ తీరాన పార్సీలది మరో కథ. సూరత్ ప్రాంతంలో వారు చేసే 'టోప్లీ పనీర్' చిన్న బుట్టలలో పేరుకుంటుంది. బుట్ట అల్లిక గీతలు ముక్క మీద అచ్చు పడతాయి. తన తేటలోనే తేలుతూ ఉండే ఆ మెత్తటి ముక్కను సంప్రదాయంగా రెన్నెట్ తరహా పదార్థంతోనే చేసేవారు. మాంసాహారం నిషిద్ధం కాని ఇంట్లోనే ఇది సాధ్యమైందన్నది మరువకండి. 'పనీర్' అన్న మాట కూడా పారశీకమే. అక్కడ ఏ చీజ్‌నైనా ఆ పేరుతోనే పిలుస్తారు.

హిమాలయాల వైపు వెళితే దృశ్యం మారిపోతుంది. జమ్మూలోని ఉధంపూర్, రామ్‌నగర్ ప్రాంతాల 'కలాడీ'ని పెనం మీద వేస్తే తన కొవ్వులోనే తాను వేగుతుంది. ఉప్పు, కారం చల్లి కుల్చా మధ్య పెట్టి ఇస్తారు. పశువులతో కొండలెక్కి దిగే గుజ్జర్, బకర్వాల్ కుటుంబాలకు, తాగగా మిగిలిన పాలను మోసుకెళ్లే దారి ఇది. నేపాల్, సిక్కిం, డార్జిలింగ్‌లలో వెన్న తీసిన మజ్జిగను కాచి 'ఛుర్పీ' చేస్తారు. మెత్తటి ఛుర్పీని అడవి ఆకుకూరలతో వండుతారు. ఎండినది రాయిలా ఉంటుంది. బుగ్గన పెట్టుకుని గంటసేపు నములుతూ కొండ ఎక్కవచ్చు.

వీటన్నిటిలో తెలుగువారికి వెంటనే నచ్చేది భూటాన్ వారి 'ఎమా దాత్సీ' కావాలి. ఎమా అంటే మిరప, దాత్సీ అంటే చీజ్. అక్కడ మిరపకాయ పోపులో వేసే దినుసుగా కాక, కూరగాయగానే కంచంలోకి వస్తుంది. నిలువుగా చీల్చిన మిరపకాయలను చీజ్‌లో ఉడికించి ఎర్రబియ్యపు అన్నంతో తింటారు. పాలకొవ్వు కారాన్ని అణచివేస్తుంది. మనం ఆవకాయ అన్నంలో నెయ్యి వేసుకునేదీ అందుకే. పోర్చుగీసువారి జాడ కచ్చితంగా కావాలంటే ఈ కూరలో మిరపను చూడండి. అమెరికా ఖండపు ఆ పంటను భారత తీరానికి తెచ్చింది వారే.

మైదానాలలో, ముఖ్యంగా దక్షిణాదిన, నిలవ చీజ్ ఎందుకు పెరగలేదు? మా తరగతుల్లో దీనికి 'మతం' అని ఒక్క మాటలో జవాబు వస్తుంది. లేగదూడను చంపడం ఊహకందని సమాజంలో రెన్నెట్ దొరకదు, నిజమే. కానీ ఎండను మరిచిపోకూడదు. చీజ్ మాగడానికి చల్లటి గది, నెలల వ్యవధి కావాలి. మన వేసవిలో అది దుర్లభం. పాలు ఈ పూటకు పెరుగవుతాయి, రేపటికి మజ్జిగ, వెన్న. వెన్న కాస్తే నెయ్యి. ఏ చల్లటి గదీ లేకుండా నెలలు నిలిచే నెయ్యి ఉండగా మరో నిలవ పదార్థం అవసరం పెద్దగా రాలేదు.

ఆ అవసరం 20వ శతాబ్దిలో ఆనంద్‌లో వచ్చింది. 1946లో ఏర్పడిన కైరా జిల్లా పాల సహకార సంఘానికి చలికాలంలో పాలు పొంగిపొర్లేవి. అవి ఎక్కువగా గేదె పాలు. గేదె పాలలో కొవ్వు, కాల్షియం ఆవు పాలలో కన్నా ఎక్కువ. చెడ్డార్ పద్ధతిలో చీజ్ చేస్తే ముద్ద త్వరగా బిగుసుకుని, నెమ్మదిగా మాగుతుంది. గేదె పాలతో పొడే రాదని విదేశీ నిపుణులు అన్న కాలంలో, వర్గీస్ కురియన్, హెచ్.ఎం. దలాయా బృందం 1955లో పొడి చేసి చూపింది. 1960ల మొదట్లో చీజ్‌కూ పూనుకుంది. వారు ఎంచుకున్నది ప్రాసెస్డ్ చీజ్. మాగిన చీజ్‌ను లవణాలతో కలిపి కరిగించి మళ్లీ గడ్డకట్టించే ఆ పద్ధతిని 1911లో స్విట్జర్లాండ్‌లో కనుగొన్నారు. డబ్బాలో పెట్టి మూసేస్తే మన ఎండకూ అది తట్టుకుంటుంది. ఆ చీజ్‌కు మన నగరాల్లో దొరికిన తోడు బ్రెడ్డు, టమాటా, కీరదోస ముక్కలు, కొత్తిమీర పచ్చడి. ముంబయి వీధి సాండ్‌విచ్ మీద చీజ్ తురిమి వేయడం మీరు చూసే ఉంటారు. 1996లో పెద్ద పిజ్జా సంస్థలు వచ్చాక మోజరెల్లాకూ గిరాకీ పెరిగింది.

రెన్నెట్ చిక్కు మాత్రం ప్రయోగశాలలో విడిపోయింది. కొన్ని రకాల బూజుల నుంచి అదే పని చేసే ఎంజైములు తీశారు. 1990లో అమెరికా ఆహార, ఔషధ సంస్థ, జన్యు సాంకేతికతతో సూక్ష్మజీవుల్లో తయారైన కైమోసిన్‌కు అనుమతి ఇచ్చింది. దూడ కడుపులో ఉండే ఎంజైము ఇదే. ఆహార పొట్లాల మీద శాకాహార, మాంసాహార గుర్తులు ఉండాలన్న నిబంధనలు మన దేశంలో 2001లో వెలువడ్డాయి. ఈసారి చీజ్ డబ్బా కొన్నప్పుడు ఆకుపచ్చ చుక్కతో ఆగక, పదార్థాల జాబితాలో ఆ ఎంజైము ఎక్కడి నుంచి వచ్చిందని రాశారో కూడా చదవండి.