విడవలూరు వెళ్లేవారు చూడదగినవి

నెల్లూరు నుండి కోవూరు మీదుగా విడవలూరు వైపు వెళ్లే మన మిత్రులలో చాలామంది రామతీర్థం చూసుకుని తిరిగి వచ్చేస్తారు. అందులో తప్పేమీ లేదు. శ్రీరాముడు ఇసుకతో లింగాన్ని చేసి పూజించాడని స్థలపురాణం. కామాక్షీ సమేత రామలింగేశ్వరుని దర్శనం, సముద్ర స్నానం, పిల్లలకు కాసేపు ఇసుకలో ఆట. ఇంకొంత ఓపిక ఉన్నవారు ఊటుకూరు వైపు వెళ్లి పెన్న సముద్రంలో కలిసే చోటు చూసి వస్తారు. అయితే అదే మండలంలో గుడీ సముద్రమూ కాక చూడదగిన ఊళ్లు రెండున్నాయి. ఈ ప్రత్యేక సంచికలో వాటిని గుర్తు చేయాలని నా కోరిక.

మొదటిది వావిళ్ల. ఆ పేరు వినగానే మన వయసువారికి ఊరు కాదు, పుస్తకం గుర్తుకు వస్తుంది. ఆ ఊరి పేరే ఇంటిపేరుగా గల వావిళ్ల రామస్వామి శాస్త్రులు గారు (1826-1891) 1854లో మద్రాసులో ముద్రణాలయం పెట్టి, సంస్కృత గ్రంథాలను తెలుగు లిపిలో అచ్చువేయించారు. నాగరి లిపి రాని తెలుగువాడు కూడా కావ్యాలు, శాస్త్రాలు చదువుకోగలిగాడంటే అందులో ఆయన పాలు చాలా ఉంది. పాఠం పరిష్కరించడంలో ఆయన పట్టుదల ఎంతటిదంటే, ఏ శ్లోకం మీదనైనా వాదం వస్తే "వావిళ్ల ప్రతిలో ఎలా ఉంది?" అని అడగడం మా పెద్దల కాలంలో మామూలు.

తండ్రి సంపాదించిన ఆ నమ్మకాన్ని కుమారుడు వెంకటేశ్వర శాస్త్రులు గారు (1884-1956) పెద్ద సంస్థగా పెంచారు. నా మట్టుకు ఆయన చేసిన పనులలో గొప్పది రాధికా సాంత్వనం విషయంలో చూపిన ధైర్యం. తంజావూరు ప్రతాపసింహుని ఆస్థానంలో ఉన్న ముద్దుపళని రాసిన కావ్యమది. అంతకుముందు అచ్చయిన ప్రతిలో కొన్ని పద్యాలు తీసివేశారని గ్రహించి, బెంగుళూరు నాగరత్నమ్మ గారు మూలప్రతి సంపాదించి పరిష్కరించగా, 1910లో వావిళ్లవారు ప్రకటించారు. స్త్రీ రాసిన శృంగారం పెద్దలకు రుచించలేదు. మగకవులు రాసినవి మాత్రం పండితుల ఇళ్లలో ఉండనే ఉన్నాయి! 1911లో ప్రభుత్వం అశ్లీలమని నిషేధించింది. 1927లో పోలీసులు మళ్లీ ప్రతులు పట్టుకుపోయారు. అమరకోశాలు, రామాయణాలు అమ్ముకుని సుఖంగా ఉండగలిగిన మనిషి ఆ పుస్తకం కోసం ప్రభుత్వంతో పోరాడుతూనే వచ్చారు. చివరకు 1947లో టంగుటూరి ప్రకాశం పంతులు గారి హయాంలో నిషేధం తొలగింది. 1952లో వావిళ్లవారే తిరిగి అచ్చువేశారు. నలభై ఏళ్ల పైచిలుకు పట్టిందన్నమాట.

రెండవది అలగానిపాడు. 1913 మే 1న పుచ్చలపల్లి సుందరయ్య గారు పుట్టిన ఊరు. ఆయన రాజకీయాలతో మనలో కొందరికి ఏకీభావం ఉండవచ్చు, కొందరికి లేకపోవచ్చు. భూమిగల కుటుంబంలో పుట్టి, పేరు చివరి రెడ్డి శబ్దాన్ని వదులుకుని, సొంత ఊళ్లోనే వ్యవసాయ కూలీలను కూడగట్టిన మనిషి. పార్లమెంటుకు సైకిలు మీద వెళ్లిన సంగతి అందరూ చెప్పుకునేదే. ఆయన గ్రంథకర్త అని మాత్రం తక్కువమందికి గుర్తు. 1946లో "విశాలాంధ్రలో ప్రజారాజ్యం" రాశారు. తెలంగాణ సాయుధ పోరాటం మీద పెద్ద గ్రంథం రాశారు. ఆయన పోగుచేసుకున్న పుస్తకాలు హైదరాబాదు బాగ్‌లింగంపల్లిలోని సుందరయ్య విజ్ఞాన కేంద్రానికి చేరాయి. మనుమలు అక్కడ చదువుకుంటున్నవారు ఉంటే ఆ గ్రంథాలయం చూసి రమ్మనండి.

ఈ రెండు ఊళ్లలో టిక్కెట్టు పెట్టి చూపించే భవనాలుంటాయని ఆశించి వెళ్లవద్దు. వరిపొలాలు, కాలువలు, అరుగుల మీద పెద్దలు, అంతే. కాస్త ఆగి మాట్లాడితే చెప్పేవారు దొరుకుతారు. రామతీర్థం ప్రయాణంలోనే, ఎండ ముదరకముందే బయలుదేరితే, మన వయసువారికి శ్రమ ఉండదు.

ఇంకొక మాట. పిల్లలు ఇల్లు మారేటప్పుడు పాత పుస్తకాలను తూకానికి వేసేస్తున్నారు. అట్ట ఊడిపోయి ఉన్నా సరే, లోపల మొదటి పుట తిప్పి చూడండి. వావిళ్లవారి పేరు కనిపిస్తే పక్కన తీసిపెట్టండి. మన సంఘం కార్యాలయంలో బీరువాలో రెండు అరలు ఖాళీగానే ఉన్నాయి.