కాపరి కుక్క, వేట జాగిలము

తెలుగునాట 'గ్రేహౌండ్స్' అన్న మాట వినని వారరుదు. 1989లో ఆంధ్రప్రదేశ్ పోలీసు శాఖలో ఆ పేరుతో ఒక ప్రత్యేక దళము ఏర్పడినది. కాని ఆ పేరు గల జాగిలమును కన్నులార చూచినవారు మనలో ఎందరు? 'కోలీ' అను కాపరి కుక్కను చూచినవారు ఇంకను తక్కువ. ఈ రెండు జాతులను కలిపి ఇంగ్లండు, స్కాట్లండు పల్లెలలో సామాన్యులు పెంచుకొన్న సంకర శునకమునకు 'లర్చరు' అని పేరు. దాని గుణములేవి? దాని చరిత్ర మన దక్కను పీఠభూమికి, ప్రత్యేకించి ఇబ్రహీంపట్నము వంటి మందల సీమకు ఏమి నేర్పును? ఈ ప్రసంగములో మేము విచారింపదలచినది ఇదియే.

ముందుగా తల్లిదండ్రులను పరిచయము చేసికొందము. గ్రేహౌండు చూపుతో వేటాడు జాగిలము. సన్నని నడుము, లోతైన రొమ్ము, పెద్ద గుండె దాని లక్షణములు. అది గంటకు సుమారు 65 కిలోమీటర్ల వేగమును అందుకొనగలదు. కాని ఆ వేగము కొద్ది నిమిషముల సొమ్ము. చర్మము పలుచన, వెండ్రుక పొట్టి. ముండ్లకు, చలికి ఓర్వలేదు. వేట కంటబడినదా, యజమాని పిలుపు చెవికెక్కదు. కోలీ ఇందుకు భిన్నము. కొండలపై చెదరిన గొర్రెలను కూడగట్టి, ఈలకు, సైగకు లోబడి, దొడ్డికి తోలుకొని వచ్చుట దాని వృత్తి. వేల్సులోని బాలా పట్టణమున 1873లోనే కాపరి కుక్కలకు పోటీలు జరిగెను. 1893లో నార్తంబర్లండులో ఆడం టెల్ఫరు అను రైతు ఇంట పుట్టిన 'హెంప్' అను కుక్క నేటి బోర్డరు కోలీలన్నింటికి మూలపురుషుడని చెప్పుదురు. అది మొరుగక, కరువక, కేవలము చూపుతో మందను శాసించెడిదట.

ఈ రెండింటిని కలుపవలెనన్న ఆలోచన ఎవరికి, ఎందుకు కలిగినది? ఇందులో శాసనముల పాత్ర కొంత కలదు. 1390 ప్రాంతమున రెండవ రిచర్డు రాజు కాలములో ఒక శాసనము పుట్టినది. ఏటికి 40 షిల్లింగుల ఆదాయము నిచ్చు భూమి లేని గృహస్థుడు వేటకై గ్రేహౌండును ఉంచుకొనరాదని అందలి నియమము. వేట ప్రభువుల వినోదము. పేదవానికి అది కూటి మాట. కాపరి కుక్కను ఉంచుకొనుటను మాత్రము ఎవరు కాదనగలరు? కావున చూపునకు కాపరి కుక్కవలె ఉండి, పరుగున గ్రేహౌండునకు దీటు రాగల కుక్క పేదవానికి ఎంతో అక్కరకు వచ్చినది. 'లర్చరు' అను మాటకు మూలము పొంచియుండుటను తెలుపు క్రియయే. పేరులోనే నింద ఉన్నది. అయినను ఆ కుక్క ఎన్నో గుడిసెలలో కుండ నింపినది.

ఈ సంకరమునకు ఒక లెక్క కలదు. కోలీ, గ్రేహౌండు సగము సగము కలిసిన మొదటి తరము తెలివిలో మిన్న. కాని తరచుగా కుందేలును అందుకొనుటకు వేగము చాలదు. అందుచేత ఆ సంతతిని మరల గ్రేహౌండుతో కలిపి, ముప్పాతిక పాలు గ్రేహౌండు, పాతిక పాలు కోలీ ఉండునట్లు చేయుట పెంపకందార్లలో వాడుక అయినది. ఆ పాతిక పాలులోనే కీలకమున్నది. వాసన పట్టుట, పిలిచిన మరలివచ్చుట, దట్టమైన వెండ్రుక, రాతినేలకు ఓర్చు పాదము, దినమంతయు పనిచేయు ఓపిక కోలీ పక్షమునుండి వచ్చును. ముప్పాతిక పాలు వేగము నిచ్చును. వేగమునకు వివేకము తోడైనప్పుడే కుక్క పనికివచ్చునన్నది ఈ లెక్క సారాంశము.

అయితే సంకరము గుణములనే గాక దోషములను కూడ మోసికొని వచ్చును. కోలీ జాతిలో అనేకములకు ఒక జన్యులోపము కలదని 2001లో అమెరికా పశువైద్య శాస్త్రజ్ఞులు కనుగొనిరి. ఆ లోపము గల కుక్కకు ఐవర్‌మెక్టిన్ అను మందు మెదడునకెక్కి ప్రాణము మీదికి వచ్చును. ఇది గొర్రెలకు నులిపురుగులు పోవుటకు ఇచ్చు మందు! కోలీ రక్తము గల కుక్క మంద దగ్గర ఉన్నచో, ఒలికిన మందును నాకకుండ, మందు తాగిన గొర్రెల పెంటను తినకుండ కాచుకొనవలెను. ఇక గ్రేహౌండు ఒంటిలో కొవ్వు తక్కువ. కొన్ని మత్తుమందులు దానికి త్వరగా దిగవు. కావున ఇట్టి కుక్కకు శస్త్రచికిత్స చేయించునపుడు దాని పుట్టుపూర్వోత్తరములు వైద్యునకు ముందే చెప్పవలెను.

ఇప్పుడు మన సీమకు వత్తము. ఇబ్రహీంపట్నము 1550 నుండి 1580 వరకు గోలకొండ నేలిన ఇబ్రహీం కుతుబ్ షా పేర వెలసినది. తెలుగు కవులు మల్కిభరాముడని పిలుచుకొన్న ప్రభువు ఆయనయే. ఆ ఊరి పెద్ద చెరువు కూడ ఆ కాలపుదే. ఆ చుట్టుపట్ల నేటికిని కురుమల మందలు, లంబాడీల తండాలు కలవు. ఈ రెండు వర్గముల చరిత్రలోను కుక్కకు చోటున్నది.

లంబాడీలు ఒకప్పుడు ఎద్దుల బిడారులపై ధాన్యము, ఉప్పు మోసిన వర్తకులు. పదునేడవ శతాబ్దమున గోలకొండకు వచ్చిన ఫ్రెంచి యాత్రికుడు తావెర్నియే, పది పన్నెండు వేల ఎద్దులతో సాగు బిడారులను వర్ణించినాడు. అంతటి సరకునకు రాత్రి కాపలా కుక్కలది. నేడు కారవాన్ హౌండు, ముధోల్ హౌండు అని పిలువబడు దక్కను జాగిలముల పూర్వులు పశ్చిమాసియా నుండి వచ్చిరనియు, ఈ నేల కుక్కలతో కలసి ఈ ఎండకు అలవాటుపడిరనియు పలువురి అభిప్రాయము. 2005లో తపాలాశాఖ మన దేశపు కుక్కజాతులపై బిళ్ళలు వెలువరించినపుడు ముధోల్ జాగిలము వానిలో ఒకటి. ఉత్తరమున రాంపూరు నవాబు అఫ్గను తాజీ కుక్కను ఆంగ్ల గ్రేహౌండుతో కలిపి రాంపూరు హౌండును తయారుచేయించెను. అనగా సంకరము మనకును కొత్త కాదు.

కురుమల కుక్క మాత్రము వేరు. అది మందను తోలదు, మందను కాచును. దీనికి కారణము మన పశుపాలన పద్ధతిలోనే ఉన్నది. స్కాట్లండు కొండలలో గొర్రెలు కాపరి లేకయే రోజుల తరబడి విచ్చలవిడిగా మేయును. వానిని కూడగట్టుటకు కుక్క కావలెను. మన కాపరి మందతోనే నడచును. గొర్రెలు ఆయన గొంతు నెరుగును. ఆయనకు కావలసినది రాత్రి తోడు. కోతలైన పొలములలో ఎరువు కొరకు మందను నిలుపునపుడు, తోడేలు అలికిడిని మొదట పసిగట్టునది కుక్క. కురుమల కులదైవమైన మల్లన్నకు, మైలారదేవుని రూపములో కుక్క తోడుగా కానవచ్చుట ఊరక జరిగినది కాదు.

కోలీ, జాగిలముల రెండు పనులను ఒక్కటే చేయు కుక్క మన తెలుగుదేశమున లేదా? ఉన్నది. కొల్లేటి ప్రాంతమున జోనంగి అను కుక్క కలదు. పొట్టి వెండ్రుక, ముడుతల నొసలు దాని గుర్తులు. అది బాతుల మందలను తోలుటలోను, వేటలోను కూడ పేరుపడినది. ఎవరును గ్రంథములు చూచి దానిని సృష్టింపలేదు. పని దానిని తీర్చిదిద్దినది. అయితే కొల్లేటిలో చేపల చెరువులు పెరిగి బాతుల పెంపకము తగ్గగా జోనంగియు తగ్గిపోయినది. పని పోయిన కుక్క నిలువదు. ఈ కథలో మిక్కిలి విచారకరమైన పాఠము ఇదియే.

వేట పని చట్టము చేతను ముగిసినది. మన దేశమున 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టము కృష్ణజింకవంటి వన్యమృగములను కాపాడుచున్నది. కుక్కను వానిపైకి ఉసిగొల్పుట నేరము. ఇంగ్లండులోను 2004 నాటి చట్టము కుక్కలతో కుందేళ్ళను తరుము పందెములను నిషేధించినది. మేము దీనిని శోచనీయమని తలపము. అడవిలో జింక మిగిలియుండుట జాగిలపు పరుగు కంటె విలువైనది. కాని వేటకై పుట్టిన కుక్కను ఇకపై దేనికి పెంచవలెనన్న ప్రశ్న మిగిలియున్నది.

మంద పని మాత్రము ముగియలేదు. 2019 పశుగణన ప్రకారము తెలంగాణలో సుమారు 1 కోటి 90 లక్షల గొర్రెలున్నవి. దేశములో ఇదియే ప్రథమస్థానము. 2017లో ప్రభుత్వము గొల్ల కురుమలకు 75 శాతము రాయితీపై, 20 గొర్రెలు, ఒక పొట్టేలు చొప్పున పంచుట మొదలుపెట్టినది. గొర్రెను గూర్చి ఇంత యోచించిన మనము దాని కావలివానిని గూర్చి ఏమి యోచించితిమి? ఇబ్రహీంపట్నము పరిసరములలో ఆదిభట్ల వైపు విమానభాగముల కర్మాగారములు వెలసినవి. ఇండ్ల స్థలములకై బీళ్ళు రాళ్ళు పాతించుకొనుచున్నవి. మేతనేల తరిగినకొలది మంద తరుగును. మందతో పాటు గొంగడియు, గొంగడితో పాటు కుక్కయు.

కొందరు విదేశపు కుక్కపిల్లను వేల రూపాయలు పోసి కొని, అది మందను కాచునని ఆశింతురు. కుక్క తోక పట్టుకొని గోదావరి నీదినట్లే అది. లర్చరును పెంచిన పేదవాడు మనకు నేర్పునది జాతి పేరు కాదు, పద్ధతి. ఆయన తన పనిని ముందు ఎంచెను; తరువాత దానికి తగిన తల్లిదండ్రులను ఎంచెను; పుట్టిన పిల్లలలో పని చేసినదానినే నిలుపుకొనెను. మన కురుమ కాపరియు తరతరములుగా చేసినది ఇదియే. ఆయన మందలో ఏ కుక్క తోడేలుకు బెదరదో, ఏది గొర్రెపిల్లను ముట్టదో ఆయనకు తెలియును. పశువైద్య విద్యాలయములవారు ఆ కుక్కలను లెక్కించి, టీకాలు వేయించి, మేలైనవానిని గుర్తించి సంతతిని నిలిపినచో, అది ఏ సంకరమునకును తీసిపోని సేవ అగును. ఆ ఎరుక గల వృద్ధులు ఉండగనే ఆ పనికి పూనుకొనవలెను.