పద్దులో పేరు లేని పిల్ల

మా ఇంటి భోషాణం అడుగున ఒక పొడుగాటి చిట్టా దొరికింది. ఎర్రగుడ్డ అట్ట, అరచెయ్యంత వెడల్పు కాగితాలు, ప్రతి పుట నెత్తిన ‘శ్రీరామ’. మా తాతయ్యకి తాతగారి చేతిరాత. వికృతి నామ సంవత్సర వైశాఖం, అంటే 1890. ఎడమ పక్క జమ: ‘శుభకార్యం నిమిత్తం రూ. 575’. కుడి పక్క ఖర్చు: షాహుకారుకి అసలూ వడ్డీ 190, అబ్బాయి సంబంధం నిమిత్తం 320, వకీలుకి 35, లగ్నం ఖర్చులు 30. కూడితే సరిగ్గా 575. కాణీ తేడా లేదు.

ముప్పై నాలుగేళ్లు రిజిస్ట్రేషన్ ఆఫీసులో గుమాస్తాగా పనిచేశాను. క్రయచీటీల్లో ‘ప్రతిఫలం’ అన్న మాట ఎన్ని వేలసార్లు రాశానో లెక్కలేదు. ఫలానా ఆస్తికి ఫలానా ప్రతిఫలం ముట్టింది అని రాస్తాం. ఏ ఆస్తో రాయకుండా ప్రతిఫలం మాత్రమే రాసిన కాగితాన్ని చూడటం అదే మొదటిసారి. ఆ ఆస్తి ఎవరో నాకు తెలుసు. మా తాతయ్య మేనత్త. మా ఇంట్లో అందరూ ‘అత్తయ్యమ్మ’ అనేవాళ్లు. ఎనిమిదో ఏట నలభై అయిదేళ్ల ఆయనకి ఇచ్చారు. పధ్నాలుగో ఏట బొట్టు తీసేసి పుట్టింటికి పంపారు. ఆ తర్వాత డెబ్బై ఏళ్లకి పైగా మా ఇంటి వెనక వసారాలో బతికింది. ఆమెని ఇచ్చినందుకు వచ్చిన డబ్బులో 320 పెట్టి ఆమె తమ్ముడికి పిల్లని తెచ్చారు. ఆ పిల్ల మా తాతయ్య తల్లి. నేను పుట్టిన దారి ఆ పద్దులోంచే వచ్చింది. అందుకే ఈ సంగతి గురించి చదవడం మొదలుపెట్టాక ఆపలేకపోయాను.

కన్యాశుల్కం మా విజయనగరం వాళ్లు కనిపెట్టింది కాదు. పిల్లకి డబ్బు పుచ్చుకుని చేసే పెళ్లికి ధర్మశాస్త్రాలు ఆసురమని పేరు పెట్టాయి. శుల్కం తీసుకున్న తండ్రి బిడ్డని అమ్ముకున్నవాడేనని మనుస్మృతే అంటుంది. అయినా ఆగలేదు. వేలూరు దగ్గర విరించిపురం గుడిలో 1425 నాటి శాసనం ఒకటి ఉంది. విజయనగర సామ్రాజ్యాన్ని దేవరాయలు ఏలుతున్న కాలం. పడైవీడు రాజ్యంలోని కన్నడ, తమిళ, తెలుగు, లాట బ్రాహ్మణులు కలిసి ఒక కట్టడి చేసుకున్నారు: ఇకనుంచి పిల్లని కన్యాదానంగానే ఇవ్వాలి. బంగారం ఇచ్చి పెళ్లాడినవాడికీ, తీసుకుని పిల్లనిచ్చినవాడికీ రాజదండన, కులంలోంచి వెలి. రాతి మీద చెక్కించుకోవలసి వచ్చిందంటే జబ్బు ఎంత ముదిరిందో తెలుస్తూనే ఉంది. ఇంత పాత కాగితాన్ని, అదే రాతిని, రిజిస్ట్రేషన్ గుమాస్తాగా నేను చదివే తీరు ఒకటుంది: నిషేధం ఎంత గట్టిగా రాస్తే వ్యవహారం అంత జోరుగా సాగుతున్నట్టు.

ఎందుకు సాగింది? రజస్వల కాకముందే ఆడపిల్లకి పెళ్లి అయిపోవాలి. మొగుడు పోతే ఆమెకి మళ్లీ పెళ్లి లేదు. పెళ్లాం పోతే మగాడికి మాత్రం ఎన్నిసార్లయినా ఉంది. శాఖ దాటి సంబంధం చెయ్యకూడదు. ఇన్ని కంచెలు కట్టాక, రెండో పెళ్లీ మూడో పెళ్లీ వాళ్లకి మిగిలేది పసిపిల్లలే. అగ్రహారాల్లో భూమి ఉంది, చేతిలో రొక్కం లేదు. దావాలూ అప్పులూ ఉన్నాయి. కొడుక్కి పిల్లని తేవాలంటే కూతుర్ని ఇవ్వాలి. మా చిట్టాలో కుడిపక్క ఉన్నది ఇదే.

ఈ బేరాలని లెక్కపెట్టించినది విజయనగరం మహారాజు ఆనంద గజపతిరాజు. విశాఖపట్నం జిల్లాలో మామూలు మూడేళ్లలో జరిగిన శుల్కపు పెళ్లిళ్ల జాబితా తయారు చేయించారు. ఆ అంకెలని గురజాడ అప్పారావు గారు 1897లో అచ్చయిన ‘కన్యాశుల్కం’ తొలి కూర్పుకి రాసిన ఇంగ్లీషు ముందుమాటలో పెట్టారు. మొత్తం 1,034 పెళ్లిళ్లు. అయిదేళ్ల పిల్లలు 99 మంది, నాలుగేళ్ల వాళ్లు 44, మూడేళ్ల వాళ్లు 36, రెండేళ్ల వాళ్లు ఆరుగురు, ఏడాది పిల్లలు ముగ్గురు. ఆ ఏడాది పిల్లల ఖరీదు 350 నుంచి 400 రూపాయల దాకా. కడుపులో ఉన్న బిడ్డకి కూడా బేరాలు కుదిరేవట. నేను కూడి చూశాను. అయిదేళ్లూ అంతకు లోపు వాళ్లు 188 మంది. అంటే అయిదారుగురిలో ఒకరు. అదే గురజాడ వారు 1884లో మహారాజా వారి హైస్కూల్లో మాస్టరుగా చేరినప్పుడు నెలకి 25 రూపాయల జీతం. ఆయన ఏడాదికి పైగా పాఠాలు చెబితే వచ్చే డబ్బు, ఇంకా నడక రాని పిల్ల ఖరీదు.

డబ్బు పుచ్చుకున్న సంగతి ఒప్పుకోవడానికి జనం ఇష్టపడరు గనుక ఆ జాబితా పూర్తి కాదని ఆయనే రాశారు. మా తాతయ్య తాతగారిని అడిగి ఉంటే ఆయనా ‘శుభకార్యం’ అనే చెప్పి ఉంటారు. మహారాజు మద్రాసు శాసనమండలిలో బిల్లు కూడా తెచ్చారు. అది చట్టం కాలేదు. సంస్థానాధీశుడి మాట కూడా ఇంటి యజమాని డబ్బుసంచీ దగ్గర ఆగిపోయింది.

1892లో విజయనగరంలో జగన్నాథ విలాసినీ సభ వారు ‘కన్యాశుల్కం’ ఆడారు. 1909లో వచ్చిన రెండో కూర్పులో నాటకం ఎంతో పెరిగింది. మనం చదివేది దాన్నే. అందరూ గిరీశాన్ని తలుచుకుంటారు. నేను మాత్రం ఆ నాటకాన్ని ఒక ఆవర్జాలాగా చదువుతాను. కృష్ణరాయపురం అగ్రహారంలో అగ్నిహోత్రావధాన్లు చిన్నకూతురు సుబ్బిని రామచంద్రపురం అగ్రహారంలోని ముసలి లుబ్ధావధాన్లుకి ఇవ్వడానికి ఒప్పుకుంటాడు. పెద్దకూతురు బుచ్చమ్మ అప్పటికే విధవగా ఇంట్లో కళ్లెదుటే తిరుగుతోంది. ఆయన దావాల మనిషి. ఆయనకి కూతురంటే రాబోయే రొక్కం, దావా ఖర్చు. అక్కణ్నుంచి డబ్బు ఎన్ని చేతులు మారుతుందో చూడండి: బేరాల మధ్య దూరే రామప్పంతులు, శిష్యుడికి ఆడవేషం వేసి అదే ముసలాయనకి కట్టబెట్టే కరటకశాస్త్రి, పెళ్లికని ఇచ్చిన వేశ్య మధురవాణి కంటె, చివరికి వకీళ్లు, పోలీసులు. పిసినారి అయిన లుబ్ధావధాన్లు కూడా ఈ ఒక్క దానికి సంచీ మూతి విప్పుతాడు. కూడబెట్టిన డబ్బుకి ఇంట్లో చాకిరీ చేసే ఒక చిన్న మనిషిని కొనే శక్తి ఉందని ఆయనకి తెలుసు.

మహారాజు జాబితా చెప్పలేనిది నాటకం ఎందుకు చెప్పగలిగిందో చాలా కాలం ఆలోచించాను. భాష వల్ల అనిపిస్తుంది. బేరం గ్రాంథికంలో సాగదు. ‘ఇస్తాను’, ‘ఇవ్వను’, ‘మరో యాభై వేసుకోండి’ అన్న మాటలు అరుగు మీద ఎలా వినపడతాయో అలాగే రాస్తే తప్ప, ఆ అరుగు మీద కూర్చున్నవాళ్లకి తమ గొంతు తమకి వినపడదు. గురజాడ వారు మా ఊళ్ల మాటని అచ్చులోకి తెచ్చింది పాండిత్యపు పంతం కోసమని కొందరంటారు. నేను ఒప్పుకోను. ఆ అగ్రహారాల్లో పిల్లలని అమ్మినది ఆ మాటతోనే.

అయితే ఆ నాటకంలో నాకొక వెలితి ఉంది. ఎవరి ధర మీద ఇంత తతంగం నడుస్తుందో ఆ సుబ్బి గొంతు మనకి దాదాపు వినపడదు. తల్లి వెంకమ్మ ఏడుస్తుంది. అక్క కుములుతుంది. మేనమామ కరటకశాస్త్రి ఎత్తు వేస్తాడు. మా చిట్టాలో పిల్లకి పేరైనా లేదు, ఇక్కడ పిల్ల పేరుకే ఉంది.

డబ్బు తర్వాత దిశ మార్చుకుంది. ఇంగ్లీషు చదువులూ సర్కారు ఉద్యోగాలూ వచ్చాక మగపిల్లాడికి ధర పలికింది. శుల్కం పోయి కట్నం వచ్చింది. కాళ్లకూరి నారాయణరావు గారు 1920ల మొదట్లో ‘వరవిక్రయం’ రాశారు. సింగరాజు లింగరాజు కొడుకుని బేరానికి పెడతాడు. పురుషోత్తమరావు గారి పెద్దమ్మాయి కాళింది ప్రాణం తీసుకుంటుంది. చెల్లెలు కమల పెళ్లి చేసుకుని, డబ్బిచ్చి కొన్నాం గనుక అల్లుడే మా ఇంటికి రావాలని పట్టుబడుతుంది. కొన్న వస్తువు కొన్నవాళ్ల ఇంటికే చేరాలి అన్నది క్రయచీటీ న్యాయం. దాన్ని ఒక ఆడపిల్ల నోట పలికించడం నాకెంతో ఇష్టం. 1939లో చిత్తజల్లు పుల్లయ్య గారు దీన్ని సినిమా తీశారు. భానుమతి గారి మొదటి సినిమా అదే, కాళిందిగా. అప్పటికి బాల్యవివాహాలని నిషేధించిన శారదా చట్టం అమలులోకి వచ్చి తొమ్మిదేళ్లు. 1961లో కట్న నిషేధ చట్టం వచ్చింది. నేను ఉద్యోగం చేసిన రోజుల్లో ‘పసుపు కుంకుమల నిమిత్తం’ అని కూతురికి రాసిచ్చిన పొలం దస్తావేజులు ఎన్ని నా చేతి మీదుగా వెళ్లాయో. వాటిలో కొన్ని నిజంగా ప్రేమతో రాసినవే. కొన్ని రాసే రోజున వరండాలో నిలబడ్డ మగపెళ్లివారి మొహాలు చూస్తేనే తెలిసిపోయేది.

సుబ్బి నోట లేని మాటలని గురజాడ వారు వేరే చోట దాచారని నా నమ్మకం. నాటకంలో ఇమడని పిల్లని పాటలో పెట్టారు. ‘పుత్తడిబొమ్మ పూర్ణమ్మ’లో రామప్పంతులు లేడు, వకీలు లేడు, నవ్వించే మాట లేదు. పూజారి కూతురు, దుర్గ గుడి, కొలను, ముసలి మొగుడు. వెళ్లేముందు పిల్ల తన అన్నదమ్ములకి అప్పగింతలు చెబుతుంది. ఆయనదే మరో పాట ‘కన్యక’లో ఆడపిల్ల మీద పడేది రాజు అధికారం. వీధి మధ్యలో, అందరూ చూస్తుండగా. పూర్ణమ్మ మీద పడేది తండ్రి అధికారం. అది ఇంట్లో ఉంటుంది. అన్నం పెడుతుంది, ఎత్తుకుంటుంది, పద్దు రాస్తుంది. దాన్ని రాజుని తిట్టినట్టు తిట్టలేం. ఆ బాధకి నాటకం చాలదు. పాటే కావాలి.

పుత్తడి అన్న మాట దగ్గర నేను ఎప్పుడూ ఆగిపోతాను. ముద్దు మాట అది. ఖరీదు మాట కూడా. అత్తయ్యమ్మ మా ఇంట్లో ఎవరు ఆడపిల్లని ‘బంగారు తల్లీ’ అని పిలిచినా ఊరుకునేది కాదు. ‘తల్లీ అను చాలు’ అనేది. చాదస్తం అనుకునేవాళ్లం.

1967లో నాకు పదేళ్లు. బళ్లో మా పంతులమ్మ పూర్ణమ్మ పాట నేర్పింది. సాయంత్రం వెనక వసారాలో గంతులేస్తూ పాడుతున్నాను. అత్తయ్యమ్మ పీట మీద కూర్చుని వత్తులు చేస్తోంది. ఎడమ తొడ మీద పత్తి పెట్టి, విభూది అద్దిన వేళ్లతో నులిమి, పొడుగ్గా లాగి ఇత్తడి పళ్లెంలో వరసగా పేర్చేది. పాట సగంలో ఆ వేళ్లు ఆగాయి.

‘‘మళ్లీ మొదణ్నుంచి చెప్పవే,’’ అంది.

చెప్పాను. మొత్తం విన్నది. కళ్లు తుడుచుకోలేదు. పిల్ల నీళ్లలోకి వెళ్లిన చోట తలాడించింది, తెలిసిన ఊరి పేరు విన్నట్టు.

‘‘ఎంతకిచ్చేరే దాన్ని?’’

‘‘పాటలో లేదు అత్తయ్యమ్మా.’’

మళ్లీ పత్తి తీసుకుంది. ఒక వత్తి చేసింది, పళ్లెంలో పెట్టింది. ఇంకోటి మొదలుపెట్టింది.

‘‘నన్ను ఆరువందలకి,’’ అంది. ‘‘పాతిక కుదిర్చినాయన పట్టుకుపోయేడు.’’