కొరియాలో మనవాళ్ళు: 1950–54

గెలిచిన యుద్ధాల కథలు మన మెస్సుల్లో, బారక్‌లలో తరతరాలుగా చెప్పుకుంటూనే ఉన్నాం. పరాయివాళ్ళ యుద్ధంలో గాయాలకు కట్టు కట్టి, ఆ తర్వాత ఇరుపక్షాల మధ్యా నిలబడి వచ్చినవాళ్ళ కథ అంతగా చెప్పుకోం. నేడు శాంతి దళాలకూ, సహాయ దళాలకూ ప్రపంచమంతటా పిలుపులు పెరుగుతున్నాయి కనుక కొరియా అనుభవాన్ని ఒకసారి నెమరువేసుకోవడం మంచిది.

1950 జూన్ 25న ఉత్తర కొరియా సేనలు 38వ అక్షాంశ రేఖ దాటి దక్షిణ కొరియాలోకి చొరబడ్డాయి. ఐక్యరాజ్యసమితి సభ్యదేశాల సాయం కోరింది. పదహారు దేశాలు పోరాడే దళాలను పంపాయి. మనకు స్వాతంత్ర్యం వచ్చి అప్పటికి మూడేళ్ళు కూడా నిండలేదు. పోరాటానికి కాకుండా వైద్యానికి ఒక దళాన్ని పంపాలని నెహ్రూ ప్రభుత్వం నిర్ణయించింది. అదే 60వ పారాచూట్ ఫీల్డ్ అంబులెన్స్. లెఫ్టినెంట్ కర్నల్ ఎ.జి. రంగరాజ్ నాయకత్వంలో అది నవంబరులో పూసాన్ రేవులో దిగింది.

దిగిన కొద్దిరోజులకే పరీక్ష ఎదురయింది. చైనా సేనలు విరుచుకుపడడంతో డిసెంబరులో అందరూ ప్యాంగ్యాంగ్ వదిలి వెనక్కి మళ్ళారు. తరలించడానికి బళ్ళు లేవు, సామగ్రి వదిలేసి రమ్మన్నారు. మందులూ, పనిముట్లూ పోయాక వైద్యదళం ఉండి ఏం లాభం? మనవాళ్ళు స్టేషన్‌లో ఒక రైలింజను సంపాదించారు. వరసగా నిలబడి బకెట్లతో నీళ్ళు అందించుకుని బాయిలరు నింపారు. సామగ్రి అంతా ఎక్కించి, వంతెన పేల్చేసేలోపు నది దాటేశారు. 1951 మార్చి 23న మున్సాన్-ని వద్ద అమెరికన్ పారాచూట్ దళంతో పాటు మన సర్జికల్ టీమ్ కూడా దూకింది. రంగరాజ్‌కు మహావీర చక్ర లభించింది. సైనికులకే కాదు, స్థానిక ప్రజలకు కూడా ఆ దళం వైద్యం చేసింది.

ఇక రెండో అధ్యాయం. సంధి చర్చలు నెలల తరబడి ఒక్కచోట ఆగిపోయాయి. స్వదేశానికి వెళ్ళనన్న యుద్ధఖైదీని బలవంతంగా పంపాలా, వద్దా? ఈ చిక్కుకు మన ప్రతినిధి వి.కె. కృష్ణమీనన్ సూచించిన మార్గాన్ని 1952 డిసెంబరులో సమితి సర్వప్రతినిధి సభ ఆమోదించింది. చైనా, ఉత్తర కొరియాలు అప్పట్లో దాన్ని తిరస్కరించాయి. అయినా 1953 జూలై 27న సంధి కుదిరేనాటికి ఖైదీల ఏర్పాటు చాలావరకు ఆ బాటలోనే నడిచింది. భారత్, స్వీడన్, స్విట్జర్లాండ్, పోలండ్, చెకొస్లొవేకియా దేశాలతో తటస్థ సంఘం ఏర్పడింది. దాని అధ్యక్షుడు లెఫ్టినెంట్ జనరల్ కె.ఎస్. తిమ్మయ్య. ఖైదీల కాపలాకు మేజర్ జనరల్ ఎస్.పి.పి. తోరట్ ఆధ్వర్యంలో కస్టోడియన్ ఫోర్స్ వెళ్ళింది.

ఆ పని కత్తి మీద సామే. తన నేల మీద భారత సైనికుడు కాలు పెట్టడానికి వీల్లేదన్నాడు దక్షిణ కొరియా అధ్యక్షుడు సింగ్మన్ రీ. దాంతో మనవాళ్ళను ఓడల నుంచి హెలికాప్టర్లలో నేరుగా సైన్యరహిత ప్రాంతానికి చేరవేశారు. అక్కడ వెలిసిన శిబిరమే హింద్ నగర్. దక్షిణం వైపు నుంచి 22,000 మందికి పైగా, ఉత్తరం వైపు నుంచి 359 మంది ఖైదీలు మన అధీనంలోకి వచ్చారు. శిబిరాల లోపల ముఠా నాయకులదే రాజ్యం. సెప్టెంబరులో ఖైదీలు మన మేజరు ఒకరిని లోపలికి ఈడ్చుకుపోయారు. తోరట్ ఆయుధం లేకుండా వాళ్ళ మధ్యకు వెళ్ళి, మాటలతోనే విడిపించుకొచ్చారు. అన్నిసార్లూ మాటలతో తీరలేదు. అక్టోబరు మొదట్లో కాల్పులు జరపక తప్పలేదు, కొందరు ఖైదీలు చనిపోయారు.

ఫలితం? ఖైదీలకు వారి స్వదేశ ప్రతినిధులు నచ్చజెప్పడానికి 90 రోజుల గడువుంది. అందులో చాలా రోజులు గొడవలతోనే గడిచిపోయాయి, ఎక్కువమందికి ఆ అవకాశమే అందలేదు. మిగిలినవారి సంగతి తేల్చాల్సిన రాజకీయ సమావేశం జరగనేలేదు. ఖైదీలను స్వతంత్రులుగా ప్రకటించే అధికారం తనకు లేదని తిమ్మయ్య 1954 జనవరిలో వారిని ఎవరివైపు వారికి అప్పగించారు. రెండు పక్షాలూ మనల్ని తప్పుపట్టాయి. ఎటూ వెళ్ళమన్న 88 మంది మనవాళ్ళతో భారతదేశం వచ్చారు.

దీన్ని పూర్తి విజయం అనలేం. కానీ శాంతి దళానికి పరిమితులు ఎక్కడుంటాయో అక్కడ తేటతెల్లమైంది. రాజకీయ నాయకులు తేల్చని విషయాన్ని సైనికుడు తేల్చలేడు. అతడు చేయగలిగింది పక్షపాతం లేకుండా నిలబడడం, ఖైదీని మనిషిగా చూడడం, ఇచ్చిన అధికారం హద్దు దాటకపోవడం. తర్వాతి కాలంలో కాంగోలోనూ, సోమాలియాలోనూ ఈ హద్దుల ప్రశ్నే మళ్ళీ ఎదురయింది. తిమ్మయ్య 1965 డిసెంబరులో సైప్రస్‌లో శాంతి దళాధిపతిగా ఉండగానే కన్నుమూశారు.

ఇప్పటిదాకా 2,90,000 మందికి పైగా భారతీయులు సమితి మిషన్లలో పనిచేశారు. సుమారు 180 మంది ప్రాణాలర్పించారు. 60వ పారా వైద్యదళం నేటికీ ఉంది. 2023 ఫిబ్రవరి భూకంపం తర్వాత టర్కీలోని ఇస్కెండెరున్‌లో ఆసుపత్రి తెరిచింది ఆ దళమే. కొరియా యుద్ధానికి టర్కీ కూడా ఒక బ్రిగేడ్‌ను పంపింది. నాడు ఒకే రణరంగంలో పనిచేసిన రెండు సేనల వారసులు ఏడు దశాబ్దాల తర్వాత శిథిలాల మధ్య కలుసుకున్నారన్నమాట. పిలుపు వచ్చినప్పుడు మందుల పెట్టెతో బయలుదేరేవాళ్ళు సిద్ధంగా ఉంటున్నారు. వాళ్ళకు స్పష్టమైన ఆదేశం, వెనక నిలబడే రాజకీయ నిర్ణయం ఇవ్వడం దేశాల బాధ్యత. కొరియాలో కొరవడింది అదే.