ఆట ఇటుకలు - జపాను పగోడాలు

ఉప్పల్, నాచారం ప్రాంతములలోని యిండ్లలో వేసవి సెలవులనాడు కనబడు దృశ్యమొకటి కలదు. బయట ఎండ మండిపోవుచుండును. లోపల చాపమీద రంగురంగుల ప్లాస్టిక్ ముక్కలు కుప్పగా పోసికొని ఒక పిల్లవాడు అయిదంతస్తుల జపాను పగోడాను కట్టుచుండును. ఎఱ్ఱని స్తంభములు, నల్లని చూరులు, కొనలు పైకి తేలిన కప్పులు! సాయంకాలమునకు పని పూర్తియగును. మరునాటి ఉదయమునకు పగోడా మాయమై, ముక్కలన్నియు మరల డబ్బాలో చేరును. "అంత కష్టపడి కట్టి కూల్చివేసితివేమిరా?" అని నాయనమ్మ నొచ్చుకొనును. "మళ్లీ కడతాను గదా!" అని మనుమడు బదులు చెప్పును.

ఈ మాటలు చిన్నవే గాని, వీనిలో వాస్తుచరిత్రకు సంబంధించిన పెద్ద ప్రశ్న యొకటి దాగియున్నది. కట్టడమనగా దేనిని చెప్పవలెను? అందలి ఇటుకలనా, కఱ్ఱలనా? లేక వానిని కూర్చు విధానమునా? ఈ ప్రశ్నకు సమాధానము వెదకుచు పోయినచో, ఆ బొమ్మ పగోడా మనలను జర్మనీ మీదుగా జపానునకును, జపాను నుండి మరల కృష్ణా, మూసీ తీరములకును చేర్చును.

పిల్లలకు కట్టుడు ముక్కల నిచ్చి, ఆటయే చదువని చాటిన మహనీయుడు జర్మనీ దేశస్థుడగు ఫ్రోబెల్. ఆయన 1837లో బ్లాంకెన్‌బుర్గ్ అను ఊరిలో ఆటవస్తువులను తయారుచేయించుటకు పూనుకొనెను. 1840లో తన పాఠశాలకు 'కిండర్ గార్టెన్', అనగా పిల్లల తోట, అని పేరిడెను. ఆయన యిచ్చిన ఆటవస్తువులలో ఒకటి ఎనిమిది చిన్న ఘనములుగా విడిపోవు కొయ్య ఘనము. విడదీయుట, కూర్చుట, మరల విడదీయుట - ఇదియే పాఠము.

1876లో అమెరికాలోని ఫిలడెల్ఫియా ప్రదర్శనశాలలో ఈ ముక్కలను చూచిన ఒక తల్లి, వానిని తన కుమారునకు తెచ్చియిచ్చెను. ఆ బాలుడే పెరిగి పెద్దవాడై ఫ్రాంక్ లాయిడ్ రైట్ అను జగద్విఖ్యాత వాస్తుశిల్పి యయ్యెను. ఆ కొయ్యముక్కల స్పర్శ తన చేతివ్రేళ్లను విడువలేదని ఆయన ముసలితనమునందును చెప్పుకొనుచుండెడివాడు. రైటునకు జపాను చిత్రకళయన్న ప్రాణము. టోక్యో నగరమున ఇంపీరియల్ హోటలును నిర్మించు భారము ఆయనకే లభించెను. ఆ హోటలు ప్రారంభోత్సవమునకు నిర్ణయించిన దినము 1923 సెప్టెంబరు 1. ఆనాటి మధ్యాహ్నమే మహాభూకంపము సంభవించి టోక్యో, యొకోహామా నగరములు నేలమట్టమైనవి. లక్షకు పైగా జనులు మరణించిరి. రైటు కట్టిన హోటలు మాత్రము కొంత దెబ్బతినియు కూలక నిలిచెను. భూకంపముల లోతుపాతులు పరిశోధించు జాతీయ భూభౌతిక పరిశోధనా సంస్థ 1961 నుండి మనకు కలదు. దాని ఆవరణ మన ఉప్పల్ రోడ్డుమీదనే యున్నది. ఆ దారిన పోవునపుడు ఈ కథను తలచుకొనవచ్చును.

ఆ హోటలు పనిలో రైటునకు ఆయన కుమారుడు జాన్ తోడ్పడెను. భూకంపమునకు తట్టుకొనునట్లు దూలములను ఒకదానిలో నొకటి ఇమిడ్చెడి పద్ధతి ఆతని మనస్సున నాటుకొనెను. దానినుండి 'లింకన్ లాగ్స్' అను గాడులుగల కొయ్యదుంగల ఆటవస్తువు పుట్టెను. 1920లో దానికి పేటెంటు లభించెను. ఇట్లు, పిల్లల ఆటముక్కలతో పెరిగినవాడు జపానులో మహాభవనమును కట్టగా, ఆ భవనము నుండి మరల పిల్లల ఆటముక్కలు పుట్టినవి. ఆ హోటలును 1968లో కూల్చివేసిరి. అయినను దాని ముఖద్వార భాగమును ఇనుయామా సమీపమున మేజీ మురా అను ఆరుబయటి ప్రదర్శనశాలలో తిరిగి నిలిపిరి.

మన పిల్లల చేతిలోని ప్లాస్టిక్ ఇటుక మరికొంత తరువాతిది. డెన్మార్కులోని బిల్లుండ్ గ్రామమున వడ్రంగి పని చేయు ఓలే కిర్క్ క్రిస్టియన్‌సన్ 1932లో కొయ్యబొమ్మలు చేయ మొదలిడెను. లెగో అను పేరు 1934లో వచ్చెను. అంటుకొను ప్లాస్టిక్ ముక్కలను 1947లో ఇంగ్లండులో హిల్లరీ పేజ్ అమ్మకమునకు పెట్టగా, వానిని చూచి లెగోవారు 1949లో తమ ఇటుకలను తెచ్చిరి. కాని ఆ ఇటుకలు గట్టిగా పట్టుకొనెడివి కావు. అడుగుభాగమున గొట్టములు అమర్చవచ్చునను యుక్తి తోచిన పిమ్మట, 1958 జనవరి 28న పేటెంటునకు దరఖాస్తు పెట్టిరి. పైనున్న బుడిపెలు అడుగునున్న గొట్టములకును గోడలకును నడుమ ఒరసికొని బిగియును; చేతితో లాగిన విడివడును. నాచారం పారిశ్రామికవాడలో అచ్చుల పని యెరిగినవారిని అడిగినచో, ఇందలి కష్టము చెప్పగలరు. వెంట్రుకవాసి యెక్కువైన ఊడిరాదు, తక్కువైన నిలువదు. ఎనిమిది బుడిపెల ఇటుకలు ఒకే రంగువి ఆరింటిని తొంబదియొక్క కోట్లకు పైబడిన విధములుగా కూర్చవచ్చునని గణితజ్ఞులు లెక్కవేసిరి.

జపానువారును ఊరకుండలేదు. కవాడా అను సంస్థ 1962లో 'డయాబ్లాక్' ఇటుకలను, 2008లో నాలుగు మిల్లీమీటర్ల వెడల్పుగల 'నానోబ్లాక్' ముక్కలను తెచ్చెను. 1609లో పూర్తియైన హిమేజీ దుర్గపు ప్రధాన సౌధమునకు డెన్మార్కువారు 2023లో 2,125 ముక్కల నమూనాను వెలువరించిరి.

ఆటఇటుకకును జపాను వాస్తువునకును ఇంత చక్కగా పొత్తు కుదురుటకు కారణమేమి? జపాను ప్రాచీన వాస్తువు కొయ్య వాస్తువు. మేకుల కంటె ఎక్కువగా అతుకులమీద, గాడులమీద ఆధారపడినది. పాడైన ముక్కను విప్పి, కొత్తముక్కను పొదిగి, మరల బిగించుట అక్కడ తరతరముల విద్య. ఈ విద్యకు పరాకాష్ఠ ఇసె పుణ్యక్షేత్రము. అచ్చటి దేవాలయమును ఇరువది యేండ్ల కొకమారు ప్రక్కనున్న ఖాళీస్థలమున యథాతథముగా కొత్తకఱ్ఱతో కట్టి, పాతదానిని విప్పివేయుదురు. 690వ సంవత్సరమున మొదలై, యుద్ధముల కాలమున కొంతకాలము ఆగి, మరల సాగుచు వచ్చిన ఈ ఆచారము 2013లో అరువదిరెండవ మారు జరిగెను. కఱ్ఱ కొత్తది, ఆలయము పాతది. తాత చేతి పని మనుమని చేతికి అందుటకు ఇరువది యేండ్లు సరియైన గడువు. "మళ్లీ కడతాను గదా" అన్న పిల్లవాని మాట అచ్చట ఒక జాతి దీక్షయైనది.

ఇక పగోడా సంగతి. అది జపానులో పుట్టినది కాదు. హోర్యూజీలోని అయిదంతస్తుల పగోడా శిఖరమును పరికింపుడు. కడ్డీకి తొడిగిన వలయముల క్రింద బోర్లించిన గిన్నెవంటి రూపమొకటి కనబడును. జపానువారు దానిని 'బోర్లించిన పాత్ర' అనియే పిలుతురు. అది మన స్తూపమున అండమను భాగము. చైనా, కొరియా దేశములమీదుగా పయనించిన స్తూపము అంతస్తుల పైకెక్కి శిఖరముపై చిన్నదై కూర్చున్నది. మహాయానాచార్యుడైన నాగార్జునుని జపాను బౌద్ధులు 'ర్యూజు' అను పేర తమ మూలపురుషులలో నొకనిగా పూజింతురు. ఆయన పేరు మోయు నాగార్జునకొండ మన కృష్ణాతీరమున నున్నది.

అచ్చట ఇక్ష్వాకుల కాలమున చాంతిసిరి కట్టించిన మహాచైత్యము వ్యాసము 106 అడుగులు. దాని ఇటుక పొడవు 20 అంగుళములు, వెడల్పు 10, మందము 3. లోపలి గోడలు బండిచక్రపు ఆకులవలె అమర్చబడినవి. 1955 డిసెంబరు 10న నాగార్జునసాగరమునకు శంకుస్థాపన జరిగినప్పుడు ఈ లోయ యంతయు మునుగుట నిశ్చయమైనది. 1954 నుండి 1960 వరకు ఆర్. సుబ్రహ్మణ్యము గారి నాయకత్వమున త్రవ్వకములు సాగినవి. ముఖ్యమైన కట్టడములను కొలిచి, విప్పి, కొండమీదను అనుపు వద్దను తిరిగి కూర్చిరి. మరికొన్నిటికి నమూనాలు నిర్మించిరి. పునాదుల నేల నీటి పాలైనది, కూర్పు నిలిచినది. ఇసెలో ఆచారము చేయించిన పనిని ఇచ్చట ఆపద చేయించినది.

ఇంకను దగ్గరి సాక్ష్యము కావలెనన్న, ఉప్పల్ నుండి మూసీ దాటి చైతన్యపురికి పోవలెను. ఫణిగిరి కాలనీ యొద్ద నదీతీరపు బండమీద విష్ణుకుండినుల నాటి ప్రాకృత శాసనమొకటి కలదు. అది గోవిందరాజ విహారమును పేర్కొనుచున్నది. హైదరాబాదు నగరమునకు వేయేండ్లకు పైగా పూర్వమే ఇచ్చట భిక్షువులు వసించిరన్నమాట. రాతిమీది అక్షరము మిగిలినది గాని ఆ విహారము నేడు కన్నులకు కానరాదు. దానిని విప్పి కొలిచినవారు లేరు. మళ్లీ కట్టెదమన్నవారును లేరు. నాగార్జునకొండకును చైతన్యపురికిని గల భేదమిదియే.

కావున కట్టడము నశించునది ఇటుక రాలినప్పుడు కాదు; దానిని కూర్చు విధము ఎరిగినవాడు లేనప్పుడు. ఈ సెలవులలో మీ యింటి పిల్లవాడు జపాను పగోడా కట్టినచో, శిఖరముమీది బోర్లించిన గిన్నెను వానికి చూపి, అది మన యూరినుండి పోయినదని చెప్పుడు. ఆ ముక్కలతోనే చక్రపు ఆకుల గోడలతో ఒక స్తూపమును కట్టుమనుడు. తీరిక చూచుకొని మూసీ ఒడ్డుననున్న బండయొద్దకు తీసికొనిపొండు. కట్టినదానిని వాడు విప్పివేసిన విచారింప పనిలేదు. కట్టు విధము వాని చేతికి వచ్చినచో చాలును.